కాళ్ళ ముందొక వెలుగు, గట్టు అవతలొక వెలుగు

కిందటి వానాకాలం ఒకరోజు పొద్దున్నే షట్టరు సగం ఎత్తానో లేదో, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే బాబాయి వచ్చి బ్యాటరీ లైటు కౌంటరు మీద పెట్టాడు. బంధువేమీ కాదు, వయసుని బట్టి అలా పిలుస్తాను.

"పాడైందా బాబాయ్?"

"పాడైతే బాగుండేది అబ్బాయ్. బ్రహ్మాండంగా వెలుగుతోంది. అదే తంటా."

రాత్రి రెండు గంటలప్పుడు అవతలి గట్టు పక్కన తెడ్లతో నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ చప్పుడు ఆగినట్టు అనిపించిందట. లైటు తల ముందుకి లాగి, ఫోకస్ అటు వేసి, దాన్నే చూస్తూ గట్టు మీద నడిచాడు. చూపంతా నీళ్ళ అవతల పడ్డ వెలుగు చదరం మీదే ఉంది. కాళ్ళ దగ్గర చిమ్మచీకటి. ఎందుకో లైటు కిందికి దించితే, ఇంకో అడుగు వేస్తే తొక్కేంత దగ్గర్లో రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఉంది.

ఆ లైటు నేనే అమ్మాను. "దూరం బాగా కొడుతుంది, తీసుకో" అని నేనే చెప్పాను. దూరం బాగానే కొట్టింది. దగ్గర ఏం కావాలో ఆయన్ని నేను అడగలేదు. ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు.

మాది కైకలూరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. కొల్లేరు పక్కన ఎటు చూసినా చెరువులే. శీలావతి, బొచ్చె చేపలు ఒకవైపు, వనామి రొయ్యలు ఒకవైపు. మా నాన్న ఈ కొట్లోనే రేడియోలు బాగుచేసేవాడు, మోటార్లకి వైండింగ్ చుట్టేవాడు. నా చేతికొచ్చేసరికి రేడియోలు పోయాయి, లైట్లు మిగిలాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రాత్రిళ్ళు గట్ల మీద తిరిగేవాళ్ళే. లైటు వాళ్ళకి సరదా వస్తువు కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి దాదాపు 58,000 మంది అని, 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఆ చావుల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. అందుకే లైటు గురించి నాకు తెలిసిందంతా ఒకసారి కాగితం మీద పెట్టాలనిపించింది.

చెరువు మీద లైటుకి రెండు పనులుంటాయి, రెండింటికీ పొత్తు కుదరదు. మొదటిది చేతి దూరంలో పని. మేత పెట్టి నీళ్ళలో దించిన చెక్ ట్రే ఎత్తి, రొయ్యలు మేత తిన్నాయా లేదా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా చూడాలి. దానికి ట్రే అంతా ఒకే తీరుగా పరుచుకునే మెత్తటి వెలుగు కావాలి. మధ్యలో కళ్ళు జిగేల్‌మనే చుక్క ఉంటే రొయ్య మెరుస్తుందే గాని పేగు కనిపించదు. రెండోది దూరం పని. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారడానికి ముందు. ఆ వేళలో ఒక ఏరియేటర్ ఆగినా ప్రమాదమే. రెండెకరాల చెరువు నలుచదరంగా ఉందనుకుంటే ఒక్కో గట్టు సుమారు 90 మీటర్లు, మూల నుంచి మూలకి 127 మీటర్లు. అంత దూరంలో తెడ్లు తిరుగుతున్నాయో లేదో పోల్చుకోవాలి. ఈ రెండూ కాక మూడోది నడక. దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. బాబాయికి ప్రాణం మీదికి వచ్చింది ఆ మూడోదానితోనే.

ఒకే లైటు ఇటు పరుచుకోవాలి, అటు దూసుకుపోవాలి అనే కోరిక కొత్తదేం కాదు. చేత్తో పట్టుకునే గొట్టం లాంటి బ్యాటరీ లైటుకి అమెరికాలో డేవిడ్ మైసెల్ పేటెంట్ పొందింది 1899లో. 1979లో అక్కడే ఆంథనీ మాగ్లికా తెచ్చిన మ్యాగ్‌లైట్‌లో తల తిప్పితే వెలుగు సన్నబడేది, వెడల్పయ్యేది. మా నాన్న దగ్గర మూడు సెల్లుల లైటుండేది, మెరిసే పూతతో. తల తిప్పితే లోపలి రిఫ్లెక్టరు గిన్నె బల్బుకి ముందుకీ వెనక్కీ జరిగేది. ఆ బల్బు తీగ అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది కాబట్టి గిన్నె దాన్ని చాలావరకు పట్టుకుని ముందుకి తోసేది. ఫోకస్ వదులు చేస్తే మధ్యలో నల్లటి మచ్చ, చుట్టూ వలయం పడేవి. చిన్నప్పుడు గోడ మీద ఆ గారె ఆకారం చూసి నవ్వుకునేవాళ్ళం.

ఎల్‌ఈడీ వచ్చాక కథ మారింది. అది వెనక్కి వెలుగు చిమ్మదు. అర్ధగోళంలా ముందుకే ఇస్తుంది, అందులోనూ ఎక్కువ భాగం నడి ముందుకే. ఆ నడిమి వెలుగు గిన్నెకి తగలకుండానే బయటికి పోతుంది. గిన్నె ఉన్న ఎల్‌ఈడీ లైటులో దూరాన ఒక మెరుపు చుక్క, దాని చుట్టూ పలచటి వెలుగు ఎప్పుడూ కనిపించేది ఇందుకే. గిన్నెకి తగిలింది చుక్క అవుతుంది, తగలనిది చుట్టూ చిందుతుంది. గిన్నెని జరిపితే చుక్క చెడిపోవడమే గాని వెడల్పు సరిగా రాదు. కాబట్టి తల లాగితే ఫోకస్ మారే జూమ్ లైట్లలో గిన్నె తీసేసి, ముందు ఒక లావుపాటి కుంభాకార కటకం పెట్టారు. దాన్నే మేము లెన్స్ అంటాం, మా కొట్టుకి వచ్చేవాళ్ళు బుడగద్దం అంటారు.

ఇది పనిచేసే తీరు ఇంట్లో గోడ మీదే చూడొచ్చు. జూమ్ లైటు వెలిగించి, రెండు గజాల దూరంలో గోడకి పట్టి, తల మెల్లగా ముందుకి లాగండి. గుండ్రటి వెలుగు కుంచించుకుంటూ వచ్చి, ఒక చోట ఉన్నట్టుండి చదరమవుతుంది. అంచులు గీత గీసినట్టుంటాయి. కొన్నింటిలో చదరం మీద సన్నటి నల్లగీతలు కూడా కనిపిస్తాయి. ఆ చదరం ఎల్‌ఈడీ చిప్పు బొమ్మే. ఆ గీతలు చిప్పుకి కరెంటు తెచ్చే సన్నతీగలు. సినిమా ప్రొజెక్టరు తెర మీద బొమ్మ వేసినట్టు, లెన్స్ చిప్పుని గోడ మీద వేస్తోంది. చిప్పు లెన్స్ నాభి దగ్గరున్నప్పుడు కిరణాలు దాదాపు సమాంతరంగా పోతాయి, అది ఫోకస్. లెన్స్‌ని చిప్పు దగ్గరికి నొక్కితే కిరణాలు విచ్చుకుంటాయి, అది వెడల్పు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఫోకస్ చేసినప్పుడు వెలుగు పెరిగిందనుకుంటారు. నిజానికి తగ్గుతుంది. 28 మిల్లీమీటర్ల వెడల్పు లెన్స్ చిప్పుకి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, చిప్పు ఇచ్చే వెలుగులో సుమారు 84 శాతం దాని మీద పడుతుంది. అదే లెన్స్‌ని 22 మిల్లీమీటర్లకి లాగితే పడేది 29 శాతమే. మిగతాది తల లోపలి గోడలకి కొట్టుకుని వేడైపోతుంది. పడ్డ కాస్తా ఒకే చోట పోగవుతుంది కాబట్టి కంటికి ఎక్కువగా తోస్తుంది. పైగా గిన్నె లైటులో చుట్టూ చిందే పలచటి వెలుగు ఇందులో అసలుండదు. చదరం చదరమే, దాని బయట కటిక చీకటి. బాబాయి కాళ్ళ దగ్గర ఉన్నది ఆ చీకటే.

పనికి తగ్గట్టు లెన్స్ మార్చాలంటే ముందు దాని నాభి దూరం తెలియాలి. దీనికి పరికరాలు అక్కర్లేదు. లెన్స్ ఊడదీసి, కిటికీకి ఎదురుగోడ దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. బయటి కొబ్బరిచెట్లు తలకిందులుగా గోడ మీద స్పష్టంగా పడే చోట ఆపి, లెన్స్‌కీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. నాభి దూరం సుమారుగా అంతే. ఎండలో సూర్యుడి చుక్కతో కూడా కొలవొచ్చు గాని, కాగితం అంటుకుంటుంది, కళ్ళకీ మంచిది కాదు.

సూర్యుడంటే గుర్తొచ్చింది. నా కౌంటరు తూర్పు ముఖం. ఒకసారి మరమ్మతు పూర్తయిన జూమ్ లైటుని తల లాగి, వీధి వైపు తిప్పి నిలబెట్టి టీకి వెళ్ళాను. పదిహేను నిమిషాల్లో తిరిగొచ్చి వెలిగిస్తే చదరం మధ్యలో గోధుమ రంగు మచ్చ. విప్పి చూస్తే పసుపుగా ఉండాల్సిన చిప్పు మీద మాడిన చుక్క, గుండుసూది తలకన్నా చిన్నది. చిప్పు నుంచి బయల్దేరిన వెలుగు సమాంతరంగా పోయేలా చేసే లెన్స్, బయటినుంచి సమాంతరంగా వచ్చే ఎండని సరిగ్గా చిప్పు మీదికే దించుతుంది. 25 మిల్లీమీటర్ల నాభి దూరమున్న లెన్స్ సూర్యుణ్ణి పావు మిల్లీమీటరు చుక్కగా చేస్తుంది. లెన్స్ మీద పడ్డ ఎండంతా ఆ చుక్కలో పోగవుతుంది. ఆ రోజు నుంచి లైటు అమ్మేటప్పుడు ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. పగలు తల నొక్కి పెట్టండి, లేదా బోర్లించి పెట్టండి. పాకలో కిటికీ పక్కన, ట్రాక్టరు డాష్‌బోర్డు మీద తల లాగి వదిలేయకండి.

లెన్స్ ఎంచుకోవడానికి వస్తే, నేను మూడు కొలతలు చూస్తాను. లెన్స్ వెడల్పు, నాభి దూరం, చిప్పు సైజు. చదరం ఎంత పెద్దదవుతుందో చిప్పు సైజుని నాభి దూరంతో భాగిస్తే తెలిసిపోతుంది. 22 మిల్లీమీటర్ల నాభి దూరమున్న లెన్స్ వెనక ఒక మిల్లీమీటరు చిప్పుంటే, వంద మీటర్ల దూరాన నాలుగున్నర మీటర్ల చదరం పడుతుంది. ఒక ఏరియేటరూ దాని చుట్టూ కాస్త నీళ్ళూ కనిపించడానికి అది చక్కగా సరిపోతుంది. అదే చోట రెండు మిల్లీమీటర్ల చిప్పు పెడితే చదరం తొమ్మిది మీటర్లవుతుంది, వెలుగు అంత జాగాకీ పంచుకుపోతుంది. చాలా లైట్లలో పెద్ద చిప్పు పెట్టి, ల్యూమెన్లు, అంటే మొత్తం వెలుగు, ఎక్కువని పెట్టె మీద రాస్తారు. దూరానికి పనికొచ్చేది మొత్తం ల్యూమెన్లు కాదు. చిప్పులో ఒక్కో చదరపు మిల్లీమీటరు ఎంత వెలుగుతుందన్నదీ, లెన్స్ ఎంత వెడల్పన్నదీ చూడాలి. లెన్స్ విస్తీర్ణం రెట్టింపైతే నడిమి వెలుగు తీవ్రత రెట్టింపవుతుంది.

పెట్టెల మీద రాతల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. "లక్ష ల్యూమెన్లు" అని రాసిన లైట్లు నా కళ్ళారా చూశాను. మంచి ఎల్‌ఈడీ వాటుకి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకున్నా, లక్షకి వెయ్యి వాట్లు కావాలి. అందులో ఉండేది 18650 సెల్లు ఒకటి. బాగున్న సెల్లు 2,500 మిల్లీ ఆంపియర్ అవర్లయితే అది దాచుకోగలిగే శక్తి తొమ్మిది వాట్ అవర్ల పైచిలుకు, అంతే. సెల్లు మీద 9,900 అని ఉంటే అదీ అబద్ధమే. ఆ సైజులో మేలైనవి సాధారణంగా 3,500 దగ్గర ఆగిపోతాయి. ఇక దూరం అంకె. లైట్ల ప్రమాణాల్లో దూరం అంటే, వెలుగు పావు లక్స్‌కి పడిపోయే చోటు. అది దాదాపు నిండు పున్నమి వెన్నెలంత. ఆ వెలుగులో గట్టు మీద మనిషి ఉన్నాడని తెలుస్తుంది గాని తెడ్డు తిరుగుతోందో లేదో తెలియదు. ఒక లక్స్ అయినా ఉంటే గాని నాకు ధైర్యం చాలదు, దానికి రాసిన దూరంలో సగమే లెక్కపెట్టుకోవాలి. రెండెకరాల చెరువు మూల నుంచి మూలకి చూడాలంటే పెట్టె మీద 260 మీటర్లున్న నమ్మకమైన లైటు చాలు. కిలోమీటరు లైటు కొనక్కర్లేదు.

లెన్స్ గాజుదా ప్లాస్టిక్కుదా అని అడుగుతారు. గాజు గీతలు పడదు, వేడికి ఓర్చుకుంటుంది, కింద పడితే అంచు పెచ్చు లేస్తుంది. యాక్రిలిక్ తేలిక, వెలుగుని గాజంత బాగానే పంపిస్తుంది, కాని చొక్కా అంచుతో తుడిచినా గీతలు పడుతుంది. థిన్నరు, పెట్రోలు తగిలితే సన్నటి పగుళ్ళు పుట్టి మసకబారుతుంది. యాక్రిలిక్ లెన్స్‌ని ముందు నీళ్ళతో కడిగి మట్టి పోయాక మెత్తటి బట్టతో అద్దాలి. లెన్స్ వంపు ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. మామూలు బంతి వంపుంటే అంచుల దగ్గరి కిరణాలు ఎక్కువగా వంగి, చదరం చుట్టూ పొగలాంటి మసక వస్తుంది. వంపుని అంచులకి పోయేకొద్దీ చదును చేసిన లెన్స్‌లో ఆ తప్పు ఉండదు. గోడ మీద చదరం నాలుగు మూలలూ తేటగా ఉంటే మంచి లెన్స్. అంచున నీలి, పసుపు గీత కాస్త కనిపిస్తే భయపడొద్దు. ఒంటి లెన్స్‌లో రంగులు తలా ఒక తీరుగా వంగుతాయి, అది దాని స్వభావం.

చిప్పు మీద ఉండే సిలికాన్ బుడగ తీసేస్తే చిప్పు చిన్నగా కనిపించి ఫోకస్ ఇంకా బిగుస్తుందని కొందరు కుర్రాళ్ళు చేయించుకోవాలని వస్తారు. నిజమే, బిగుస్తుంది. వెలుగు మొత్తం తగ్గుతుంది, రంగు పచ్చబడుతుంది, పదింట్లో కొన్ని చిప్పులు చేతిలోనే చచ్చిపోతాయి. కాపలాదారు లైటుకి ఆ పని నేను చేయను.

తలకి కట్టుకునే లైటు సంగతి వేరు. అందులో పెట్టాల్సింది ఇలాంటి జరిగే లెన్స్ కాదు. చిన్న గరాటు ఆకారంలో గట్టి యాక్రిలిక్ ముక్క ఉంటుంది. మధ్యలో చిన్న లెన్స్, పక్క గోడల్లో సంపూర్ణాంతర పరావర్తనం. యాక్రిలిక్‌లో 42 డిగ్రీలు దాటి వాలుగా తగిలిన వెలుగు బయటికి రాదు, అద్దానికి తగిలినట్టు లోపలికే తిరుగుతుంది. పూత లేకుండానే పక్కకి పోయే వెలుగంతా ముందుకి మళ్ళుతుంది, కాబట్టి వృథా బాగా తక్కువ. ఇవి 10, 30, 60 డిగ్రీలు ఇలా కోణాన్ని బట్టి దొరుకుతాయి, ఖరీదు టీ ఖర్చే. చెక్ ట్రే చూసేవాళ్ళకి నేను 60 వేస్తాను. అది దొరకనప్పుడు 30 డిగ్రీల ముక్క తీసుకుని, ముందు ముఖాన్ని నీళ్ళు చల్లి 400 నంబరు వాటర్ పేపరు మీద గుండ్రంగా ఇరవై సార్లు తిప్పుతాను. పాలపొరలా తెల్లబడుతుంది. వెలుగు మెత్తబడి ట్రే అంతా పరుచుకుంటుంది. ఎక్కువైందనిపిస్తే 800, 1,200, 2,000 నంబర్లు వరసగా రుద్ది, పాలిష్ పెడితే తిరిగి తేటపడుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ట్రే ఎత్తొచ్చు, రొయ్యని పట్టుకుని చూడొచ్చు.

మళ్ళీ బాబాయి లైటు దగ్గరికి వస్తాను. దూరం పోకూడదు, కాళ్ళ ముందు వెలుగుండాలి. మొదట తల సగమే లాగి చూశాను. దూరం బాగా చచ్చిపోయింది, కాళ్ళ దగ్గర రావాల్సినంత రాలేదు. రెండో చిప్పు పక్కన పెడదామనుకున్నాను, చోటు లేదు. నాలుగో రోజు వాన పడుతుంటే కొట్టు ముందు లైటు వేసి చూస్తున్నా. లెన్స్ అంచున రెండు మూడు చినుకులు నిలిచాయి. చదరం అలాగే ఉంది, కాని మెట్ల మీద పలచటి వెలుగు పాకింది. చినుకులు తుడిస్తే మెట్లు చీకటి. మళ్ళీ తడిపితే వెలుగు. పని దొరికింది.

లెన్స్‌లో ఏ ముక్కైనా దూరపు చదరం మొత్తాన్ని గీస్తుంది. సగం లెన్స్ కప్పేస్తే సగం చదరం పోదు, మొత్తం చదరం మసకబడుతుంది, అంతే. అంచుని మసక చేస్తే నడిమి భాగం ఫోకస్ చూసుకుంటుంది, అంచు భాగం వెలుగుని చుట్టూ చల్లుతుంది. ఎంత అంచు? 28 మిల్లీమీటర్ల లెన్స్‌కి చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదిలితే నడిమి భాగం 24. విస్తీర్ణం లెక్కేస్తే తేటగా మిగిలేది 73 శాతం, పావు వంతుకి కాస్త ఎక్కువ అంచుకి పోతుంది. కాని దూరం పావు వంతు తగ్గదు. వెలుగు దూరం వర్గం చొప్పున పలచబడుతుంది కాబట్టి, తగ్గేది 14 శాతమే. 200 మీటర్ల లైటు 170 అవుతుంది. నాలుగు మిల్లీమీటర్ల అంచు పెడితే 143కి పడిపోతుంది, అది ఎక్కువ. రెండే మేలు.

మీద పెన్నుతో రాసుకోగలిగే మసక సెల్లోటేపు తెచ్చాను. దాన్ని పాలిథిన్ కాగితం మీద అంటించి, పిల్లాడి జామెట్రీ బాక్సులోని కాంపస్‌తో 14, 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధాలతో రెండు వలయాలు గీశాను. కొత్త బ్లేడుతో లోపలి వలయం ముందు, బయటిది తరవాత కోశాను. లోపలిది ముందు కోయకపోతే ఉంగరం చేతిలో చిరిగిపోతుంది, రెండు పాడయ్యాక తెలిసింది. లెన్స్‌కి ఉబ్బు వైపు బయటికి, చదును వైపు చిప్పు వైపు ఉంటుంది. చదును వైపు ఉంగరం అంటించాను. అక్కడైతే వానకీ వేలికీ అందదు. ఏడాది తిరిగేసరికి టేపు పచ్చబడుతుంది, అప్పుడు మార్చాలి. యాక్రిలిక్ లెన్స్ అయితే టేపు అవసరం లేకుండా అంచుని వాటర్ పేపరుతోనే మసక చేయొచ్చు, కాని ఒకసారి గీస్తే గీసినట్టే, అందుకే ముందు టేపుతో చూసుకోవాలి.

లెన్స్ తిరిగి బిగించేటప్పుడు చిటికెలో అతికే గమ్ము మాత్రం వాడొద్దు. దాని ఆవిరి చల్లారి లెన్స్ లోపలి ముఖం మీద తెల్లటి బూజులా పేరుకుంటుంది. ఒకప్పుడు ఆ తప్పు చేసి, తెల్లబడ్డ లెన్స్ తుడవలేక కొత్తది వేసిచ్చాను. మరలుండే మూతి బిగింపు చాలు. చిప్పు సరిగ్గా నడిమధ్యలో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. అర మిల్లీమీటరు పక్కకి జరిగితే వెడల్పులో ఒకవైపు మసక, ఒకవైపు తెలుపు వస్తుంది.

జూమ్ లైటుకి నీళ్ళతో ఒక చిక్కుంది. తల లాగినప్పుడల్లా సైకిలు పంపులా గాలి లోపలికి పీల్చుకుంటుంది. చెరువు గట్టున ఆ గాలిలో తడే ఎక్కువ. లోపల చేరిన తడి రాత్రి చలికి లెన్స్ మీద ఆవిరి పట్టి ఫోకస్ మొత్తం మసకబారుతుంది. జారే చోట ఉండే రబ్బరు రింగుకి మూడు నెలలకోసారి సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే కొంత ఆగుతుంది. మామూలు గ్రీజు రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. ఈ లైటుని నీళ్ళలో పడేసుకోకుండా చూసుకోవాలి, నీళ్ళకి ఆగడం దాని బలం కాదు.

వెలుగు రంగు గురించి నా మాట నీలం తెలుపు వద్దని. కాస్త పసుపు మొగ్గే తెలుపులో ఎండుటాకుకీ పాము చర్మానికీ తేడా నా కంటికి తొందరగా తెలుస్తుంది. డిసెంబరు, జనవరి మంచులో ఏ రంగైనా కంటి పక్కన పట్టుకుంటే తెల్లటి గోడే కనిపిస్తుంది. లైటుని మోకాలి దగ్గరికి దించి పట్టుకుంటే మంచులో పడి వెనక్కి వచ్చే వెలుగు కళ్ళకి తక్కువ తగులుతుంది. మా పక్కనే ఉన్న ఆటపాక వైపు చెరువులవాళ్ళకి ఇంకో మాట చెబుతాను. గూడబాతులు రాత్రి చెట్ల మీద వాలి ఉంటాయి, ఫోకస్ వాటి మీద వేయొద్దు.

ఉంగరం వేసిన లైటు పట్టుకుని ఆ రాత్రి బాబాయితో చెరువుకి నేనూ వెళ్ళాను. కొట్లో చూసుకున్నది గట్టు మీద ఏమవుతుందో నాకు తెలియాలి. పదిన్నరకి మోటార్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ముందు నడిచాడు, వెనక నేను. తల పూర్తిగా లాగి, అవతలి మూల ఏరియేటర్ మీద వేశాడు. తెడ్లు నీళ్ళు ఎగజిమ్మడం తెల్లగా కనిపించింది. ఆయన కాళ్ళకి మూడు నాలుగు గజాల ముందు గట్టు మీద మట్టి, గడ్డి మొదళ్ళు, ఎవరో పారేసిన మేత సంచి ముక్క, పలచటి వెలుగులో కనిపిస్తూనే ఉన్నాయి. వెన్నెల రాత్రి కనిపించినట్టు. అంతకన్నా ఎక్కువుంటే మళ్ళీ తప్పే. దగ్గర జిగేల్‌మంటే కంటిపాప ముడుచుకుని దూరం మసకబారుతుంది.

ఒకచోట ఆగి నేల చూపించాడు.

"ఇక్కడే ఉంది ఆ రోజు."

నేను ఏమీ అనలేకపోయాను. ఆయన లైటు తల నొక్కి, వెలుగు వెడల్పు చేసి, బల్లకట్టు మీద వంగి చెక్ ట్రే పైకి లాగాడు. ట్రే నీళ్ళ పైకి వస్తుంటే అడుగున రొయ్యల కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా మెరిశాయి. మేత కాస్త మిగిలింది. ఆయన ట్రే వంచి, లెక్క పుస్తకంలో ఏదో రాసుకుని, లైటు తిప్పి మూతి వైపు చూశాడు.

"పక్క చెరువు వాళ్ళవి రెండున్నాయి, రేపు తెస్తాను. ఈ ఉంగరం ఎంత వెడల్పన్నావ్?"

"రెండు మిల్లీమీటర్లు బాబాయ్. లెన్స్ పెద్దదైతే కొలిచి చెబుతాను."